సశేషం దగ్గర ఆగిన బొమ్మల కథ: "మిగతాది ఎప్పుడు?" అని అడగొచ్చా, కూడదా?

రూపాయిబిళ్ళ

తొంభైల్లో వీడియో గేమ్ షాపులకు వెళ్ళినవాళ్ళకు ముస్తఫా గేమ్ గురించి చెప్పక్కర్లేదు. మాది ఖమ్మం. స్కూలు ఎగ్గొట్టి మరీ రూపాయి బిళ్ళలు వేసి ఆడేవాళ్ళం. ఆ గేమ్ అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అనీ, 1993లో క్యాప్‌కామ్ చేసిందనీ, దాని వెనక ఒక కామిక్ ఉందనీ నాకు తెలిసింది ఈమధ్యనే. ఇన్నాళ్ళూ ముస్తఫానే హీరో అనుకున్నా. కాదట. హీరో జాక్ అట. ఇంకా కోలుకోలేదు.

కామిక్ పేరు జెనోజోయిక్ టేల్స్. రాసిందీ గీసిందీ మార్క్ షుల్ట్జ్. 1987లో కిచెన్ సింక్ ప్రెస్ అనే చిన్న సంస్థ వేయడం మొదలుపెట్టింది. ప్రళయం వచ్చి జనం వందల ఏళ్ళు నేల కింద దాక్కుంటారు. పైకి వచ్చేసరికి భూమంతా డైనోసార్లు. జాక్ టెన్రెక్ అనే మెకానిక్ పాత కాడిలాక్ కార్లు బాగుచేసి, పెట్రోలు దొరకదు కాబట్టి డైనోసార్ పేడతో నడుపుతుంటాడు. మన గోబర్ గ్యాస్ బాపతే. 1996లో 14వ సంచిక వచ్చింది. కథ మంచి పట్టులో ఉండగా అక్కడే ఆగింది. అప్పటినుంచీ చదివినవాళ్ళు ముగింపు కోసం చూస్తూనే ఉన్నారు.

మా నలుగురు ఫ్రెండ్స్‌మి కలిసి ఆయనకు ఉత్తరం రాద్దామనుకుంటున్నాం, మిగతాది పూర్తిచెయ్యండి సార్ అని. మా తమ్ముడేమో అలా రాయడం మర్యాద కాదంటాడు. మీరేమంటారు?

అట్టమీదిబొమ్మ

మీ తమ్ముడు చెప్పిందే రైటు. ఆయనేం ఖాళీగా కూర్చోలేదు. తర్వాత సూపర్‌మ్యాన్ కథలు రాశారు. 2004 నుంచి ప్రిన్స్ వేలియంట్ అనే ఆదివారం బొమ్మల కథకు రచన ఆయనదే. 2015లో స్టార్మ్స్ ఎట్ సీ అని సొంతంగా బొమ్మలతో ఒక పుస్తకం వేశారు. ఇవి కాక స్కెచ్ పుస్తకాలు. ఇన్ని చేస్తున్న మనిషి దగ్గరకెళ్ళి "అదెక్కడ?" అంటే, నాలుగు కూరలు వండిన అమ్మను పచ్చడేదని అడిగినట్టుంటుంది.

డాలస్‌బావ

పచ్చడి చేస్తానని చెప్పి రోలు కడిగి, మిరపకాయలు వేయించి, ఇల్లంతా ఘాటు పట్టించాక అడగమా మరి?

14 సంచికలూ కలిపి 2013లో ఫ్లెస్క్ అనే ప్రచురణ సంస్థ వాళ్ళు ఒకే పుస్తకంగా వేశారు. కొన్నాను. బొమ్మలు చూస్తే మతి పోతుంది. అడవిలో ఒక్కో ఆకు మీద బ్రష్ తిరిగిన తీరు వేరే. చివరి పేజీ తిప్పాక మాత్రం పెళ్ళికి పిలిచి తాళి కట్టే వేళకి కరెంటు తీసేసినట్టయింది. సీరియల్ కథలో ఒక సంచికకు మనం ఇచ్చే డబ్బులో సగం వచ్చే సంచిక మీద నమ్మకం. "సశేషం" అని రాసిన రోజే మాట ఇచ్చినట్టు. అడిగే హక్కు నాకుంది.

అట్టమీదిబొమ్మ

బావగారూ, మీరు పుస్తకం కొన్నది 2013లో. కథ ఆగింది 1996లో. ఆగిందని తెలిసే కొన్నారు. ఇందులో హక్కు ఎక్కడినుంచి వచ్చింది?

డాలస్‌బావ

పాయింటే. సరే, నా హక్కు కొట్టేయండి. 1987 నుంచి ఒక్కో సంచికా కొన్నవాడి సంగతి?

పెన్నఒడ్డు

ముప్పై ఏళ్ళకే ఇంత గోల. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపేస్తే పూర్తవడానికి దాదాపు మూడొందల ఏళ్ళు పట్టింది. మా తిక్కన గారు ఆ సగం పర్వం జోలికే పోలేదు, నేరుగా విరాటపర్వం అందుకున్నారు. ఆ మిగిలింది ఎర్రన పూరించాడు. పూరించి, తన రాజుకు కాకుండా నన్నయ రాజైన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు, నన్నయే రాశాడన్నట్టు. నేననేది, మూలకర్త మీద పడి ఏడవడం ఎందుకు? చెయ్యగలిగినవాడు చేస్తాడు.

కథలపిచ్చి

@పెన్నఒడ్డు నన్నయ లేడు కాబట్టి ఎర్రన రాశాడండీ. ఈయన ఉన్నారు, హక్కులు ఆయనవే. బెర్సెర్క్ అనే జపాన్ బొమ్మల కథ సంగతి చూడండి. 1989లో మొదలుపెట్టిన కెంటారో మియురా 2021 మేలో, 54 ఏళ్ళకే, గుండె రక్తనాళం చిట్లి పోయారు. చిన్నప్పటి స్నేహితుడు కోజి మోరికి ఎప్పుడో కథంతా చెప్పి ఉంచారు కాబట్టి, మరుసటి ఏడాది నుంచి ఆయన చెబుతుంటే మియురా శిష్యులు గీస్తున్నారు. చదువుతుంటే గొంతులో ఏదో అడ్డుపడుతుంది. ఒక్కో ఫ్రేమూ బాగుంటుంది, మియురా ఉంటే ఇలా గీసేవారా అన్న అనుమానం వదలదు. బతికున్నప్పుడే అడగాలి అనేవాళ్ళూ దీన్నే చూపిస్తారు, మనిషిని ఆ వేగంతో పరిగెత్తించొద్దు అనేవాళ్ళూ దీన్నే చూపిస్తారు. నేను రెండోవైపు.

లెక్కలమాస్టారు

అందరూ మర్యాద గురించే మాట్లాడుతున్నారు, డబ్బు గురించి ఒక్కరూ ఎత్తట్లేదు.

పదేళ్ళలో 14 సంచికలు. అంటే ఈయన మొదటినుంచీ నిదానమే. ఆ బ్రష్ పని చూస్తే పేజీకి రోజులు పడతాయని తెలుస్తూనే ఉంది. అప్పట్లో అమెరికా కామిక్ షాపుల్లో లెక్క వేరు. షాపువాడు ముందే ఆర్డరు పెట్టాలి, మిగిలితే వెనక్కి తీసుకోరు. సంచిక ఆలస్యమైతే షాపువాడు తర్వాతిసారి పది చోట ఆరే పెడతాడు. నిదానంగా, బాగా గీసేవాడికి అది ఉరి. పైగా ప్రచురణకర్త కిచెన్ సింక్ 1999లో మూతపడింది. ఇప్పుడాయన ఆ కథ పూర్తిచేయాలంటే నెలనెలా వచ్చే రాబడి పక్కన పెట్టి ఏళ్ళ తరబడి కూర్చోవాలి. ఆ ఏళ్ళకు బియ్యం ఎవరిస్తారు? నన్నయకు రాజున్నాడండీ. ఈయనకు మీరు నలుగురూ, మీ ఉత్తరం.

సొంతంగా వేసుకుని పూర్తిచేసినవాళ్ళు లేరా అంటారేమో. బోన్ అనే కామిక్ ఉంది. జెఫ్ స్మిత్ 1991లో మొదలుపెట్టి 2004లో 55వ సంచికతో ముగించాడు. దానికి కారణాల్లో ఒకటి చాలామంది చెప్పరు. ఆయన భార్య విజయ అయ్యర్ ఉద్యోగం మానేసి వ్యాపారమంతా తన మీద వేసుకున్నారు. అచ్చు, ఆర్డర్లు, లెక్కలు అన్నీ ఆవిడవి. ఆయనకు మిగిలింది గీయడం. ఆవిడ లేకపోతే 55 వరకూ వచ్చేదా అని నా అనుమానం.

డాలస్‌బావ

మాస్టారూ, డబ్బే అడ్డమైతే మనమే చందాలు వేసుకుందాం. కిక్‌స్టార్టర్ ఉంది కదా!

లెక్కలమాస్టారు

అదీ చూశాం. 2012లో ఆర్డర్ ఆఫ్ ది స్టిక్ అనే వెబ్‌కామిక్ పాత పుస్తకం మళ్ళీ అచ్చు వేయడానికి రిచ్ బర్లూ అడిగింది 57,750 డాలర్లు. వచ్చింది పన్నెండున్నర లక్షలు, దాదాపు 15 వేల మంది నుంచి. ప్రేమ అంటే అది. ఆ ఊపులో చిన్న చిన్న కథలూ బొమ్మలూ బహుమతులుగా ఇస్తానని ఒప్పుకున్నాడు. అదే ఏడాది చేతికి పెద్ద గాయమైంది. ఆ బహుమతులు తీర్చడానికి ఏళ్ళు పట్టింది, అసలు కథ అంతమేర నెమ్మదించింది. జనం డబ్బు రూపంలో ఇచ్చిన ప్రేమ ఆయనకు బాకీ రూపంలో చేరింది. డబ్బు వద్దనను. ఏం ఒప్పుకుంటున్నాడో అది ముఖ్యం.

బ్రష్‌గీత

చాలా రోజులుగా ఇక్కడ చదవడమే కానీ రాయడం లేదు. ఈసారి రాయాలనిపించింది, ఎందుకంటే నేనూ ఒక కథ మధ్యలో వదిలేసినదాన్నే. మీలో ఎవరూ చదివి ఉండరు, పెద్ద గొప్పేం కాదు. నాగపూర్ రోడ్డు మీద తిరిగే ఒక లారీ క్లీనర్ కుర్రాడి కథ. ఆరు భాగాలు ఫోన్‌లో చదువుకునేలా పెట్టాను. ఆరో భాగం చివర కుర్రాణ్ణి ధాబా దగ్గర వదిలేసి లారీ వెళ్ళిపోతుంది. అక్కడ ఆపాను.

ఎందుకాపానో చెబితే పెద్దది. నాన్నకు ఒంట్లో బాగోలేదు, కథ వేసుకున్న యాప్‌వాళ్ళు ఇస్తామన్న డబ్బు ఇవ్వలేదు, ఇవన్నీ నిజమే. అసలు నిజం ఇంకొకటి. ఏడో భాగం గీద్దామని కూర్చుంటే ఆరు భాగాల బొమ్మలూ చిన్నపిల్ల గీసినట్టు కనబడ్డాయి. చెయ్యి మారిపోయింది. పాత చేత్తో గీయలేను, కొత్త చేత్తో గీస్తే అతుకు కనబడుతుంది. దీని గురించి ఎవరికీ చెప్పుకోలేం.

మెసేజ్‌లు వచ్చేవి. "నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు అక్కా" అని. మొదట్లో సంతోషం. రెండో ఏడాదికి ఫోన్ మోగితే టెన్షన్. "ఉన్నావా పోయావా" అని ఒకడు. వాడు ప్రేమతోనే అన్నాడు, నాకు తెలుసు. ఆ రోజు ఫోల్డర్ పేరు మార్చేశాను, కంటికి కనబడకుండా.

తర్వాత ఒకాయన, లారీ డ్రైవరే, రాశారు. "అమ్మా, మూడో భాగంలో టార్పాలిన్ మీద తాడు కట్టిన పద్ధతి తప్పు. అలా కడితే ఆదిలాబాద్ దాటకముందే ఊడుతుంది" అని. ఎలా కడతారో ఫోటో తీసి పంపారు. తర్వాతి భాగం సంగతి ఒక్క మాట అడగలేదు. ఆ రాత్రి ఫోల్డర్ తెరిచి ముడి సరిచేశాను. సరిచేశాక పక్క ఫ్రేములో కుర్రాడి చెయ్యి నచ్చలేదు, అదీ మార్చాను. తెల్లారేసరికి ఏడో భాగం మొదటి పేజీ పెన్సిల్‌తో ఉంది. ఇప్పటికి తొమ్మిది పేజీలు. పూర్తవుతుందని మాట ఇవ్వను.

రూపాయిబిళ్ళ

అక్కా, ఇది చదివాక మా ఉత్తరం చింపేశాను. ముద్రించిన కాగితమే, నిజంగా చింపాను.

డాలస్‌బావ

గీత గారూ, దండం. కానీ ఒక మాట. ఆ డ్రైవర్ గారు తప్పు పట్టారు. మేం అడిగితే ఒత్తిడి, ఆయన తప్పు పడితే ప్రోత్సాహమా?

బ్రష్‌గీత

ఆయన బొమ్మ చూశారండీ. మీరు కేలండర్ చూస్తున్నారు.

కథలపిచ్చి

గీత గారు చెప్పిన అతుకు సమస్యకు ఒక ఉదాహరణ ఉంది. జేసన్ లూట్స్ గీసిన బెర్లిన్ అనే కామిక్. 1928 నుంచి 1933 దాకా, హిట్లర్ వచ్చేవరకూ, ఆ నగరం కథ. 1996లో మొదలు, 2018లో ముగింపు, 22 సంచికలకు 22 ఏళ్ళు. ఇరవైల్లో మొదలుపెట్టిన మనిషి యాభైలో పూర్తిచేశాడు. మధ్యలో కామిక్స్ బడిలో పాఠాలు చెప్పుకున్నాడు. మొదటి పేజీ, చివరి పేజీ పక్కపక్కన పెడితే గీత మారిందని తెలుస్తుంది. నాకైతే అది అందంగానే ఉంటుంది. నగరమూ మారింది కదా.

డేవిడ్ లాఫమ్ స్ట్రే బులెట్స్ అయితే 2005లో 40వ సంచిక దగ్గర ఆగింది. 41వది 2014లో వచ్చింది. సాగా అనే కామిక్‌కు 2018లో ఏడాదైనా విరామం అన్నారు, 2022 జనవరిలో గానీ రాలేదు. వచ్చాయిగా మరి.

అట్టమీదిబొమ్మ

వచ్చినవే చెబుతారు అందరూ. అలన్ మూర్ రాసిన బిగ్ నంబర్స్ అనే కామిక్ 12 సంచికలు అనుకున్నది. 1990లో రెండు వచ్చాయి. గీసే సింకెవిచ్ మధ్యలో తప్పుకున్నాడు, తర్వాత పట్టుకున్నవాడూ నిలబడలేదు. అంతే. ఇప్పుడెన్ని ఉత్తరాలు రాస్తే ఏం?

పెన్నఒడ్డు

హంటర్ × హంటర్ అనే జపాన్ బొమ్మల కథ గీసే తొగాషిని చూసి నాకు నచ్చింది ఒకటుంది. నడుం నొప్పితో కూర్చోలేని మనిషి. 2022 మేలో ట్విట్టర్‌లోకి వచ్చి, గీస్తున్న పేజీ మూల ఫోటో తీసి నంబరు చూపించడం మొదలుపెట్టాడు. పెద్దగా మాటల్లేవు. జనం అడగడం మానేసి ఆ నంబర్లు లెక్కపెట్టడంలో పడ్డారు. ఆయన కథ వచ్చేది పెద్ద పత్రికలో, సొంతంగా వేసుకునేవాళ్ళతో పోలిక కాదు గానీ, ఈ పద్ధతి ఎవరికైనా పనికొస్తుంది.

రూపాయిబిళ్ళ

కొత్త ఉత్తరం రాశాం. తెలుగులో ముందు ఇక్కడ పెడుతున్నా, ఇంగ్లీషులోకి మా తమ్ముడు మారుస్తాడు.

"షుల్ట్జ్ గారికి. మేం నలుగురం ఖమ్మం అనే ఊరి వాళ్ళం. చిన్నప్పుడు మీ మనుషులతో ఒక గేమ్ ఆడాం. చివరి బాస్‌ను కొట్టి గేమ్ అయిపోయిందనుకున్నాం. ఆ రూపాయి బిళ్ళల్లో మీకు ఒక్కటీ చేరి ఉండదు. అందుకే ఇప్పుడు మీ పుస్తకం తలా ఒకటి కొన్నాం. మాలో ఒకడికి బైక్ మెకానిక్ షెడ్డు ఉంది. జాక్ కారు బానెట్ తెరిచిన బొమ్మల దగ్గర ఆగిపోయి, పేడతో నడిచే ఇంజనుకు కార్బురేటర్ ఎక్కడ పెట్టుంటారని మమ్మల్ని వేధిస్తున్నాడు. మాకు తెలియదు. మీరు చెప్పగలరా? మేం ఎదురుచూస్తున్నాం."

అట్టమీదిబొమ్మ

చాలా బాగుంది. చివరి మాట ఒక్కటి తీసేయండి. "ఎదురుచూస్తున్నాం" అంటే మళ్ళీ అదే కదా.

రూపాయిబిళ్ళ

కార్బురేటర్ గురించి ఎదురుచూస్తున్నాం అని అండీ.

డాలస్‌బావ

ఉంచండి, ఉంచండి. ఆయనకు అర్థమవుతుంది.

అట్టమీదిబొమ్మ

అర్థమవుతుందనే తీసేయమంటున్నా.

రూపాయిబిళ్ళ

నలుగురం ఓటు వేసుకున్నాం. రెండు, రెండు. తమ్ముణ్ణి అడిగితే "మీ ఇష్టం, నేను ట్రాన్స్‌లేషన్‌లో చూసుకుంటా" అన్నాడు. వాడేం చేస్తాడో తెలియదు. రేపు పోస్ట్ చేస్తున్నాం.