షుగర్ యాప్‌లో సగటు బాగుంది, ల్యాబ్ రిపోర్టు బాగా లేదు: ఏది నమ్మాలి, ఏది రాయాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నాకు టైప్ 2 మధుమేహం ఉందని తెలిసి నాలుగేళ్లయింది. మాత్రలే వాడుతున్నాను, ఇన్సులిన్ లేదు. మూడు నెలల క్రితం ఫోన్‌లో ఒక షుగర్ యాప్ పెట్టుకొని, పరగడుపు రీడింగు, తిన్న ఆహారం, నడక, మాత్రలు వేసుకున్న వేళ, నిద్రపోయిన గంటలు అన్నీ శ్రద్ధగా రాయడం మొదలుపెట్టాను. మొదటి నెల ఒక్క పూట కూడా వదల్లేదు. రెండో నెలలో విసుగు మొదలైంది. మూడో నెలకు వచ్చేసరికి, ఆదివారం రాత్రి కూర్చుని వారం మొత్తానిదీ గుర్తున్నంత మేరకు నింపే స్థితికి వచ్చాను. అందువల్ల ఆ నెల గ్రాఫులో కొన్ని అంకెలు గ్లూకోమీటర్ చూపినవి కావు, నా జ్ఞాపకం చెప్పినవి.

మొన్న డాక్టరు గారికి ఫోన్ చూపిస్తే రెండు తెరలు పైకి జరిపి చూసి, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరును అంచనా వేసే రక్తపరీక్ష) రిపోర్టు ఎక్కడని అడిగారు. యాప్ ప్రకారం నా మూడు నెలల సగటు 138. రిపోర్టులో 7.8 శాతం వచ్చింది. ఇంత కష్టపడి రాసినదానికి విలువ లేదా అని నాకు నిజంగా బాధ కలిగింది. తప్పు యాప్‌దా, నాదా? ఇకపై రాయడం కొనసాగించాలా, కొనసాగిస్తే ఏమేమి రాయాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం: పన్నెండేళ్లుగా టైప్ 2తో ఉన్న సభ్యుడు

మీ బాధ నాకు బాగా అర్థమైంది, ఎందుకంటే నేనూ సరిగ్గా అక్కడే ఆగిపోయాను. ముందుగా ఆ రెండు అంకెల సంగతి చూద్దాం. హెచ్‌బీఏ1సీని 28.7తో గుణించి 46.7 తీసివేస్తే సగటు గ్లూకోజు సుమారుగా వస్తుంది. ఆ లెక్కన 7.8 శాతం అంటే దాదాపు 177. ఎర్ర రక్తకణాలు దాదాపు 120 రోజులు బతుకుతాయి కాబట్టి, ఆ పరీక్షలో గత రెండు మూడు నెలల పగలూ రాత్రీ అన్నీ కలిసి ఉంటాయి. యాప్ మాత్రం మీరు వేలు గుచ్చుకున్న క్షణాల సగటునే చెప్పగలదు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఆ క్షణాలన్నీ పరగడుపువే. అంటే భోజనం తర్వాత పెరిగిన షుగరు మీ గ్రాఫులోకి రానే లేదు. జ్ఞాపకం మీద రాసిన అంకెలకన్నా పెద్ద లోటు ఇదేనని నా అభిప్రాయం. రక్తహీనత వంటివి ఉంటే హెచ్‌బీఏ1సీ కూడా తేడాగా రావచ్చు కాబట్టి ఆ విషయం డాక్టరు గారిని ఒకసారి అడగండి.

నేను అన్నీ రాయడం మానేసి ఏడేళ్లయింది. ఇప్పుడు ఒక వారానికి ఒక్క సందేహం పెట్టుకుంటాను, దానికి జవాబిచ్చే అంకెలనే రాస్తాను. ఉదాహరణకు, ఒకప్పుడు నా పరగడుపు షుగరు ఎప్పుడూ ఎక్కువగా ఉండేది, రాత్రి భోజనమే కారణమని ఇంట్లో అందరూ తేల్చేశారు. మూడు రాత్రులు అలారం పెట్టుకొని పడుకునే ముందు, తెల్లవారుజామున మూడింటికి, నిద్ర లేవగానే పరీక్షించుకున్నాను. ఒక రాత్రి 132, 128, 171 వచ్చాయి. మిగిలిన రెండు రాత్రులదీ అదే వరస. అంటే షుగరు పెరిగింది మూడింటి తర్వాతే, రాత్రి భోజనం వల్ల కాదు. తెల్లవారుతుండగా శరీరంలో కొన్ని హార్మోన్లు పెరిగి, కాలేయం గ్లూకోజును ఎక్కువగా వదలడం వల్ల ఇలా జరుగుతుందని డాక్టరు గారు వివరించారు. మూడు నెలల నా గ్రాఫును పక్కన పెట్టిన ఆయనే, ఆ తొమ్మిది అంకెలను నిమిషంలో చదివి మందులో మార్పు చేశారు.

రెండో సమాధానం: టైప్ 1 ఉన్న పదకొండేళ్ల బాబు తల్లి

పై సభ్యులు చెప్పినది మాత్రల మీద ఉన్నవారికి చక్కగా వర్తిస్తుంది. మా ఇంట్లో యాప్ చేసే పని వేరు, అది రాత్రంతా కాపలా ఉంటుంది. బాబు చేతికి ఉన్న సెన్సర్ కొద్ది నిమిషాలకోసారి అంకె పంపుతుంది, తగ్గితే నా ఫోన్ మోగుతుంది. ఈ సదుపాయం వచ్చాకనే నేను రాత్రిళ్లు కాస్త కన్ను మూయగలుగుతున్నాను, అందుకు ఎంతో కృతజ్ఞతగా ఉన్నాను. అయినా నేర్చుకోవలసినవి చాలా ఉన్నాయి.

ఒక రాత్రి రెండింటికి 54 అని అలారం మోగింది. గ్లూకోజు మాత్రలు చేతిలో పట్టుకొని పరుగున వెళ్లి చూస్తే, బాబు సెన్సర్ ఉన్న చేతిమీదే ఒత్తిగిలి పడుకొని ఉన్నాడు. వేలు గుచ్చి చూస్తే 98. సెన్సర్ కొలిచేది రక్తంలోని గ్లూకోజును కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలోని గ్లూకోజును. అక్కడ బరువు పడితే అంకె అబద్ధంగా తగ్గిపోతుంది. షుగరు వేగంగా మారుతున్నప్పుడు కూడా సెన్సర్ కొన్ని నిమిషాలు వెనకబడే ఉంటుంది. అందుకే ఒంట్లో లక్షణాలకూ అంకెకూ పొత్తు కుదరనప్పుడు మేము వేలు గుచ్చే చూస్తాము.

ఇంతకంటే భయపెట్టినది ఇంకొకటి ఉంది. ఒకరోజు ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయ్యాక ఆ యాప్ నోటిఫికేషన్ల అనుమతి దానంతటదే ఆగిపోయింది. తెల్లారి లేచి చూస్తే, రాత్రి నలభై నిమిషాలపాటు 60కి దిగువన ఉన్నట్టు గీత కనిపించింది, ఫోన్ మాత్రం ఒక్కసారి కూడా మోగలేదు. ఫోన్ సెట్టింగుల వల్ల ఇలాంటి హెచ్చరికలు అందకుండా పోతున్నాయని 2025 ఫిబ్రవరిలో అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ కూడా ప్రజలను అప్రమత్తం చేసింది. అప్‌డేట్ అయిన ప్రతిసారీ, కొత్త ఇయర్‌ఫోన్లు కలిపిన ప్రతిసారీ అలారం వినిపిస్తోందో లేదో పరీక్షించకుండా నేను పడుకోను.

ఇన్సులిన్ మోతాదు లెక్కగట్టే యాప్‌ల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. 2015లో ప్రచురితమైన ఒక అధ్యయనం అలాంటి 46 యాప్‌లను పరిశీలించి, వాటిలో 31 యాప్‌లు తప్పు మోతాదు సూచించే ప్రమాదం ఉందని తేల్చింది. డాక్టరు గారు చూసి, అంకెలు తానే అమర్చి ఇచ్చినది తప్ప మరొకటి మేము వాడము.

మూడో సమాధానం: తండ్రిని చూసుకుంటున్న కుమార్తె

పెద్దవారి గురించి ఒక మాట. మా నాన్నగారికి డెబ్భై ఆరేళ్లు. ఆయన యాప్‌లో ఒకసారి పొరపాటున కొలమానం మారిపోయి 130 ఉండవలసిన చోట 7.2 కనిపించింది. షుగరు ఏడుకు పడిపోయిందనుకొని ఆయన చేతులు వణికిపోయాయి. అది మిల్లీమోల్స్‌లో చూపే అంకె అనీ, 18తో గుణిస్తే మనకు తెలిసిన మిల్లీగ్రాముల అంకె వస్తుందనీ అప్పుడు తెలుసుకున్నాము. ఇప్పుడు ఆయన నోటు పుస్తకంలోనే పెద్ద అక్షరాలతో రాసుకుంటారు, నేను వారానికోసారి ఆ పుటను ఫొటో తీసి ఉంచుతాను. ఆయనకు ఇదే హాయిగా ఉంది.

నాలుగో సమాధానం: డయాబెటిస్ ఎడ్యుకేటర్‌గా పనిచేస్తున్న నర్సు

ప్రశ్న అడిగినవారు నిరుత్సాహపడవద్దని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. సంప్రదింపుకు దొరికే కొద్ది నిమిషాల్లో మూడు నెలల తెరలను ఎవరూ చదవలేరు. అదే గత రెండు వారాల అంకెలు ఒక్క పుటలో ముద్రించి తెస్తే తప్పకుండా చదువుతాము. అందులో మా కన్ను ముందుగా వెళ్లేది 70కి తక్కువగా ఉన్నవాటి మీదికి, ఆ తర్వాతే ఎక్కువ ఉన్నవాటి మీదికి. మీ మాత్రల్లో షుగరును మరీ తగ్గించగలిగే రకం ఉందేమో అడిగి తెలుసుకోండి, ఎందుకంటే సల్ఫొనైల్‌యూరియా రకం మందులకు ఆ గుణం ఉంది. అలాంటివి వాడేవారు చెమట, వణుకు, ఉన్నట్టుండి ఆకలి కలిగిన వేళను అంకెతో పాటు రాయడం ఎంతో ఉపయోగం.

జ్ఞాపకం మీద నింపడం మాత్రం మానేయండి. ఖాళీగా ఉన్న గడి మమ్మల్ని తప్పుదారి పట్టించదు, ఊహించి రాసిన అంకె పట్టిస్తుంది. యాప్‌లో ఎర్రగా కనిపించే రీడింగును చూసి తమకు మార్కులు తగ్గాయన్నట్టు సిగ్గుపడి, దాన్ని దాచిపెట్టి మంచివే చూపించేవారిని నేను తరచూ చూస్తుంటాను. మాకు కావలసింది ఆ ఎర్ర అంకెలే. అలాగే, చర్మాన్ని గుచ్చకుండానే షుగరు కొలుస్తామని చెప్పే స్మార్ట్‌వాచీల అంకెలను యాప్‌లో చేర్చకండి. అటువంటి వేటికీ తాము అనుమతి ఇవ్వలేదని 2024 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ స్పష్టంగా చెప్పింది.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. నేను దాదాపు పరగడుపునే పరీక్షించుకున్నానన్న సంగతి మీరు చెప్పేవరకూ నాకు తట్టలేదు. నిద్ర, నడక గడులను యాప్‌లో ఆపేశాను. ఈ వారం రాత్రి భోజనానికి ముందు ఒకటి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు ఒకటి మాత్రమే రాస్తున్నాను. నిన్న 126, ఆ తర్వాత 214 వచ్చాయి. అంకె ఎర్రగానే ఉంది, అలాగే ఉంచాను. ఆరు రోజుల జతలు పూర్తయ్యాక డాక్టరు గారికి చూపించి, ఆయన ఏమన్నారో ఇక్కడే రాస్తాను.