చీర రంగుకు సరిపోయే నెయిల్ పాలిష్ ఇంట్లో కలుపుకోవచ్చా?

అల్వాల్_అమ్మాయి:

శ్రావణంలో మా అక్క పెళ్లి. నాకు గద్వాల్ చీర తీశారు. ఒళ్లంతా ఉల్లిపొర రంగు, అంచూ కొంగూ నెమలికంఠం. లాడ్ బజార్‌లో జాకెట్టు ముక్క చూపిస్తే దానికి సరిపోయే లక్క గాజులు తీసిచ్చారు. నెయిల్ పాలిష్ దగ్గరే ఆగిపోయాను. సికింద్రాబాద్ జనరల్ బజార్ తిరిగాను, కోఠి తిరిగాను. ఉల్లిపొర అంటే లేత గులాబీ చూపిస్తారు, నెమలికంఠం అంటే నేవీ బ్లూ తీస్తారు.

ఇంట్లో నా దగ్గర తెలుపు, మెరూన్, లేత గోధుమరంగు న్యూడ్, ముదురు నీలం, ఒక ట్రాన్స్‌పరెంట్ సీసా ఉన్నాయి. పాత ఐషాడోలో ఆకుపచ్చ మెరుపు రంగు కూడా ఉంది. దాన్ని పొడి చేసి ట్రాన్స్‌పరెంట్‌లో కలపమని ఒక వీడియోలో చెప్పారు. ఇంకో వీడియోలో ఫుడ్ కలర్ పోశారు. ఇవి నిజంగా నిలుస్తాయా, గోళ్లు పాడవుతాయా? మా అమ్మకు ఆ వాసన అస్సలు పడదు, వెంటనే తలనొప్పి వస్తుంది. ఇంట్లో కలిపిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

మల్కాజిగిరి_మ్యాచింగ్:

చెల్లీ, తప్పకుండా కలుపుకోవచ్చు. నా చీరలకు చాలా ఏళ్లుగా నేనే కలుపుకుంటున్నాను. మన చీరల రంగులు షాపు సీసాల్లో దొరకవు. మెంతి రంగు, కనకాంబరం, నేరేడు, పాలపిట్ట... ఇవన్నీ మన నేతవాళ్ల దగ్గర ఉన్న రంగులు. పాలిష్ తయారుచేసేవాళ్లు వాటిని దృష్టిలో పెట్టుకుని చేయరు. అందుకే కలుపుకోవడం నేర్చుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

ఒక్క నియమం పెట్టుకో. పాలిష్‌లో పాలిష్ మాత్రమే కలుపు, ఇంకేదీ వద్దు. పాలిష్ అంటే నైట్రోసెల్యులోజ్ అనే పదార్థాన్ని ఇథైల్ ఎసిటేట్, బ్యూటైల్ ఎసిటేట్ లాంటి ద్రావకాల్లో కరిగించి, దానికి రంగు పొడి చేరుస్తారు. ద్రావకం ఎగిరిపోతే గోరు మీద పలుచటి పొర మిగులుతుంది. మామూలుగా దొరికే ఫుడ్ కలర్ నీళ్లతో చేసింది. అది పాలిష్‌లో పడితే నూనెలో నీళ్ల చుక్కలా విడిగానే ఉంటుంది. ఐషాడో పొడిని ఒత్తి నిలబెట్టడానికి అందులో నూనెలు, సిలికాన్ లాంటివి వేస్తారు. అవి పాలిష్‌లో ఉండకట్టిస్తాయి, పొర సరిగ్గా గట్టిపడనివ్వవు. పైగా ట్రాన్స్‌పరెంట్ సీసాలో పొడిని పట్టి ఉంచేది సాధారణంగా ఉండదు. రంగు పాలిష్‌లో దానికోసం ప్రత్యేకంగా శుద్ధి చేసిన ఒక రకం మట్టి కలుపుతారు. అది లేకపోతే పొడి అంతా కొద్దిసేపటికే అడుక్కు దిగుతుంది. ముగ్గు రంగులు, గులాల్, కుంకుమ కూడా కొందరు వేస్తుంటారు. వాటి జోలికి వెళ్లకు, వాటిలో ఏం కలిపారో మనకు తెలియదు. ఆకుపచ్చ మెరుపు కావాలంటే అదే రంగు షిమ్మర్ పాలిష్ చిన్న సీసా కొనుక్కో, పని అయిపోతుంది.

ముందు ఉల్లిపొర సంగతి. నేరుగా సీసాలో కలపకు. వంటింటి ఫాయిల్ ముక్క మీద చుక్కలు వేసి టూత్‌పిక్‌తో కలిపి చూడు. తెలుపు 10 చుక్కలు, న్యూడ్ 4, మెరూన్ 1 వేసి మొదలుపెట్టు. ఎప్పుడూ లేత రంగులోకి ముదురు రంగు వెయ్యాలి. తిరగేసి చేస్తే ఎంత తెలుపు పోసినా సరిపోదు. ఈ మూడూ కలిశాక కాస్త మురికి గులాబీలా ఉంటుంది. అప్పుడు టూత్‌పిక్ మొనకు నీలం అంటించి తగిలించు. మెల్లగా ఊదా వైపు తిరుగుతుంది. ఉల్లిపొరలో ఉండేది ఆ ఊదా ఛాయే. గులాబీ ఇంకా ఎక్కువగా కొడుతుంటే ఆకుపచ్చ పాలిష్ అలాగే మొనకు అంటించి కలుపు, తగ్గుతుంది. నలుపు మాత్రం వెయ్యకు, బూడిద రంగు వచ్చి జీవం పోతుంది. ఎన్ని చుక్కలు వేశావో కాగితం మీద రాసుకుంటూ వెళ్లు. రంగు కుదిరాక అదే లెక్కన పెంచుకుని సీసాలో కలుపుకోవచ్చు.

తడిగా ఉన్నప్పుడు కనిపించే రంగును నమ్మకు. ఆరాక కాస్త ముదురుతుంది. తెల్ల కాగితం మీద సెల్లోటేపు అతికించి దాని మీద రెండు కోట్లు వేసి, పూర్తిగా ఆరాక చీర పక్కన పెట్టి చూడు. కిటికీ వెలుగులో ఒకసారి, రాత్రి పసుపు బల్బు కింద ఒకసారి. రెండు రంగులు ఎండలో ఒకేలా ఉండి, ఫంక్షన్ హాల్ లైట్ల కింద వేరుగా కనిపించడం మామూలే. పెళ్లి రాత్రి ముహూర్తమైతే ఆ లైటుకే ఎక్కువ విలువివ్వు.

ఇక నెమలికంఠం. ఈ రంగు దగ్గరే ఎక్కువమంది వదిలేస్తారు. నీలంలో ఆకుపచ్చ కలిపితే నీలిపచ్చ వస్తుంది కానీ నెమలికంఠం రాదు. నీ చీర అంచును చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూడు. ఒక వైపు నీలం, ఇంకో వైపు పచ్చ కనిపిస్తే అది పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు పెట్టి నేసిన అంచు. అది రెండు పోగుల ఆట. ఒక్క సీసాలో కలిపితే రెండూ కలిసిపోయి ఆ ఆట పోతుంది. అందుకే గోరు మీద కూడా రెండు పొరలుగా వెయ్యాలి. కింద నీ ముదురు నీలం రెండు పల్చటి కోట్లు. పూర్తిగా ఆరాక, ఆకుపచ్చ షిమ్మర్‌నూ ట్రాన్స్‌పరెంట్‌నూ సమానంగా కలిపి ఒకే ఒక్క కోటు. చెయ్యి కదిపితే పచ్చ మెరుస్తుంది, నిలకడగా ఉంటే నీలం కనిపిస్తుంది. షిమ్మర్‌లో ఉండేది మైకా, అంటే అభ్రకం రేకులు. వాటికి టైటానియం డయాక్సైడ్ పల్చగా పూస్తారు. ఆ పూత మందాన్ని బట్టి ఏ రంగు వెనక్కి తిరిగి వస్తుందో తేలుతుంది. కింద ముదురు రంగు ఉంటేనే ఆ మెరుపు బయటపడుతుంది, తెలుపు మీద వేస్తే దాదాపు కనిపించదు. కొనేటప్పుడు సీసాను వెలుగుకు పెట్టి తిప్పి చూడు. ఎటు తిప్పినా ఒకే పచ్చగా ఉంటే అది పనికిరాదు, ఒక కోణంలో వెలిగి ఇంకో కోణంలో ఆరిపోయేది తీసుకో.

నేనైతే పది వేళ్లకూ నెమలికంఠం వెయ్యను. ఉల్లిపొర వేసి ఉంగరపు వేలికి మాత్రం నెమలికంఠం వేస్తాను. చీరలోనూ అంచు అంతే కదా ఉండేది.

నాచారం_ల్యాబ్:

పై అక్కయ్య చెప్పిందంతా సరైనదే. నేను పెయింట్ల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తాను, జాగ్రత్తల గురించి కొంచెం చెబుతాను. ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు.

ఇథైల్ ఎసిటేట్ ఆవిరి మైనస్ 4 డిగ్రీల దగ్గరే నిప్పు అంటుకోగలదు. అంటే మన హైదరాబాద్‌లో ఏ కాలంలోనైనా ప్రమాదమే. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేల వెంబడి పాకుతుంది. కాబట్టి వంటింట్లో కలపకండి. దేవుడి దగ్గర దీపం, అగరుబత్తి, దోమల కాయిల్, గీజర్ ఉన్న బాత్‌రూమ్, ఇవేవీ దగ్గర్లో ఉండకూడదు. బాల్కనీలోనో, కిటికీలు తెరిచిన గదిలోనో కూర్చోండి. మీ అమ్మగారికి తలనొప్పి అంటున్నారు కాబట్టి ఆవిడ వేరే గదిలో ఉన్నప్పుడు కలిపి, మూతలు బిగించి, తుడిచిన దూదిని కూడా కవర్లో కట్టి బయట పడేయండి. గదిలో వాసన చాలాసేపు నిలిచేది ఆ దూది వల్లే.

థర్మాకోల్ ప్లేట్లు, గట్టి ప్లాస్టిక్ డిస్పోజబుల్ గ్లాసులు వాడకండి. పాలిష్ తగలగానే కరుగుతాయి, ఆ కరిగినది మీ రంగులో కలుస్తుంది. గాజు, స్టీలు, పింగాణీ మంచివి. చిక్కబడితే రిమూవర్ పోయవద్దు. అందులో నీళ్లు, నూనెలు ఉంటాయి, పాలిష్ పొర బలం పోతుంది. నెయిల్ పాలిష్ థిన్నర్ అని విడిగా అమ్ముతారు, రెండు మూడు చుక్కలు చాలు. హార్డ్‌వేర్ షాపు థిన్నర్ గోళ్లకు వద్దే వద్దు. అందులో టోలుయీన్ లాంటి ఘాటైన ద్రావకాలు ఉంటాయి.

మీ పెళ్లి శ్రావణంలో కాబట్టి ఇంకో మాట. వానరోజున ఫ్యాన్ కింద కూర్చుని పాలిష్ వేస్తే ఒక్కోసారి పైన తెల్లగా మసక కడుతుంది. ద్రావకం వేగంగా ఎగిరిపోతూ గోరు పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ అక్కడ చేరుతుంది. పెయింట్లలోనూ మేము ఇదే చూస్తాం. ఫ్యాన్ గాలి నేరుగా తగలకుండా కూర్చుని, పల్చటి కోట్లు వేస్తే రాదు.

అల్వాల్_అమ్మాయి:

అక్కా, నాచారం అన్నా, చాలా థ్యాంక్స్. అంచు తిప్పి చూశాను, నిజంగానే ఒక వైపు పచ్చ కొడుతోంది! ఐషాడో పక్కన పెట్టేశాను.

ఇంకో రెండు డౌట్లు. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్నాను, గోళ్లన్నీ ఎర్రగా పండాయి. దాని మీద వేస్తే నా రంగు మారిపోతుందా? అలాగే ఖాళీ సీసా దొరికింది, లోపల పాత పాలిష్ అతుక్కుని ఉంది. దాన్ని వాడొచ్చా?

మల్కాజిగిరి_మ్యాచింగ్:

మంచి ప్రశ్న అడిగావు. గోరు నెలకు దాదాపు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది, శ్రావణానికి ఆ ఎరుపు ఎక్కడికీ పోదు. కానీ నీ ఉల్లిపొరలో తెలుపు పాలు ఎక్కువ కాబట్టి రెండు కోట్లకే కప్పేస్తుంది. నీలం కూడా కప్పేస్తుంది. పల్చటి, అద్దంలాంటి పాలిష్‌లైతేనే కింది ఎరుపు పైకి కొడుతుంది. అనుమానముంటే సెల్లోటేపు మీద కాకుండా నీ చిటికెన వేలి మీదే వేసి చూసుకో.

పెళ్లికి మళ్లీ మెహందీ పెట్టిస్తారు కదా. అప్పుడు పాలిష్ ముందే వేసి ఆరనివ్వడం మేలు అంటాను. గోళ్ల మీద పండదు, చుట్టూ చర్మమే పండుతుంది, అంచులు శుభ్రంగా కనిపిస్తాయి. చివర్లో టాప్ కోటు ఒకటి కొత్తగా వేసుకుంటే మెరుపు తిరిగి వస్తుంది.

సీసాలో కొంచెం అసిటోన్ పోసి మూతపెట్టి ఊపు. పారబోసి మళ్లీ చెయ్యి. బ్రష్ కూడా అందులోనే కడుగు. నీళ్లతో కడగొద్దు, ఒకవేళ కడిగినా పూర్తిగా ఆరాకే వాడాలి. లోపల ఉన్న చిన్న గోళీలు పడేయకు, రంగు కలవాలంటే అవే ముఖ్యం. సైకిల్ బేరింగు గోళీలు వేసేవాళ్లున్నారు, అవి తుప్పు పట్టి రంగు చెడగొడతాయి. సీసా నిండా పోయకు, ఊపడానికి జాగా ఉండాలి.

పార్లర్_ఎ.ఎస్.రావునగర్:

అమ్మా, రంగు కంటే ముందు గోరు మీద వేసే బేస్ కోటు మాత్రం మర్చిపోకు. ముదురు నీలం, మెరూన్ లాంటివి నేరుగా గోరు మీద వేస్తే తీశాక పసుపు మరక మిగులుతుంది. పార్లర్‌కు వచ్చేవాళ్లలో చాలామంది గోళ్లకు జబ్బు చేసిందని భయపడతారు. ఎక్కువగా అది రంగు మరకే.

జెల్ పాలిష్‌ను మామూలు పాలిష్‌లో ఎప్పుడూ కలపవద్దు. జెల్ ల్యాంపు కింద గట్టిపడుతుంది, మామూలుది గాలికి ఆరుతుంది. రెండూ కలిపితే రెండు పనులూ సరిగ్గా జరగవు. గట్టిపడని జెల్ చర్మానికి తగులుతూ ఉంటే అలర్జీ వస్తుంది. ఒకసారి వస్తే జీవితాంతం ఉండొచ్చు. నేను పని నేర్పే అమ్మాయిలకు మొదటిరోజే ఇది చెబుతాను.

కూకట్‌పల్లి_క్రాఫ్ట్స్:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. చీరకు మ్యాచింగ్ పాలిష్ ఇలా కలిపి ఇన్‌స్టాలో అమ్మితే బాగుంటుందనిపిస్తోంది. చిన్న సీసాల్లో, ఆర్డర్ మీద. చేయొచ్చా?

నాచారం_ల్యాబ్:

మీ కోసం కలుపుకోవడం వేరు, అమ్మడం వేరు అండి. నెయిల్ పాలిష్ చట్టప్రకారం కాస్మెటిక్ కిందికి వస్తుంది. అమ్మకానికి తయారుచేయాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ కింద లైసెన్సు ఉండాలి, మన దగ్గర అది తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ ఇస్తుంది. సీసా మీద పదార్థాల పేర్లు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోపు వాడాలో కూడా ఉండాలి. వేరే కంపెనీల సీసాలు కలిపి చేస్తే ఆ వివరాలు మీరు ఇవ్వలేరు. పైగా మండే ద్రవం కాబట్టి కొరియర్‌లో మామూలు పార్సిల్‌గా పంపకూడదు. లైసెన్సు ఉన్న తయారీదారుతో మాట్లాడి మీ షేడ్లు వాళ్ల దగ్గర చేయించుకోవడం ఒక దారి. ముందు మీరు రంగుల లెక్కలు రాసిపెట్టుకోండి, వాళ్లు మొదట అడిగేది అదే.

మల్కాజిగిరి_మ్యాచింగ్:

కూకట్‌పల్లి గారూ, లెక్కలతో పాటు ఆరిన శాంపిల్ కూడా దాచండి. నేను ప్రతి రంగునూ సెల్లోటేపు మీద వేసి, చుక్కల లెక్క పక్కనే రాసి నోట్‌బుక్‌లో అతికిస్తాను. ఏ బ్రాండు, ఏ షేడు నంబరు అన్నది కూడా రాయాలి. ఒక బ్రాండు మెరూన్‌కూ ఇంకో బ్రాండు మెరూన్‌కూ పోలికే ఉండదు.