హక్కుల చట్టం ముందా, జనం మనసు మారడం ముందా?

చర్చ మొదలుపెట్టినవారు:
స్వలింగ జంటల పెళ్లి, ట్రాన్స్‌జెండర్ల గుర్తింపు వంటి విషయాల్లో చట్టసభలు తొందరపడకూడదని నా అభిప్రాయం. జనం మనసు మారకముందే చేసిన చట్టం కాగితం మీదే మిగిలిపోతుంది. ఐర్లాండ్‌లో 2015లో ప్రజలనే అడిగారు, 62 శాతం మంది ఔనన్నారు. ఇక ఆ పెళ్లిళ్లను ఎవరు కాదనగలరు? అంతవరకూ అన్యాయం జరిగితే కోర్టులు ఉండనే ఉన్నాయి.

జవాబు:
ఐర్లాండ్ కథను మీరు చివరి నుంచి చదివారు. అక్కడ స్వలింగ సంబంధాన్ని నేరాల జాబితా నుంచి పార్లమెంటు తొలగించింది 1993లో. జంటల నమోదుకు చట్టం చేసింది 2010లో. ఆ జంటలు పక్కింట్లో కాపురం చేయడం చూశాకే పొరుగువారు ఓటు వేశారు. మనసు మారడానికి చట్టం కూడా ఒక కారణం అయింది.

కోర్టులంటారా, అవి తప్పుడు చట్టాన్ని కొట్టివేయగలవు. దత్తత, వారసత్వం, పింఛను ఎలా నడవాలో ప్రతి సెక్షనూ కూర్చుని రాయవలసింది శాసనకర్తలే. స్వలింగ జంటల పెళ్లికి చట్టం చేయమని తైవాన్ రాజ్యాంగ న్యాయస్థానం 2017లో రెండేళ్ల గడువిచ్చింది. మరుసటి ఏడాది ప్రజాభిప్రాయ సేకరణలో పౌరస్మృతిలోని పెళ్లి స్త్రీపురుషుల మధ్యే ఉండాలని సుమారు 72 శాతం మంది ఓటేశారు. అయినా సభ్యులు వెనకడుగు వేయలేదు. 2019 మే 17న విడిగా చట్టం చేశారు. అందులోనూ లోటు ఉండిపోయింది: భాగస్వామి కన్నబిడ్డను తప్ప మరొకరిని దత్తత తీసుకునే వీలు లేదు. దాన్ని సరిదిద్దింది మళ్లీ ఆ సభే, 2023లో.

అన్నిటికన్నా నన్ను కదిలించేది ఇంటర్‌సెక్స్ పసిపిల్లల సంగతి, అంటే ఆడ, మగ అన్న లెక్కకు పూర్తిగా సరిపోని శరీర లక్షణాలతో పుట్టినవారి సంగతి. ప్రాణానికి ముప్పేమీ లేకపోయినా, ఆడో మగో తేల్చేయాలన్న ఆత్రంతో వారి శరీరాలపై కత్తి పెడుతున్నారు. ఊహ తెలియని బిడ్డ కోర్టుకు వెళ్లలేదు, ఓటు వేయలేదు. మాల్టా పార్లమెంటు 2015లో ఆ శస్త్రచికిత్సలను నిషేధించింది. జనం అడిగేదాకా ఆగి ఉంటే ఎంతమంది పిల్లలు ఆ గాయంతో పెరిగేవారు?

మరొకరు:
చట్టసభలను అంతగా నమ్మవచ్చా? ఉగాండాలో 2023లో స్వలింగ సంబంధాలకు కొన్ని సందర్భాల్లో మరణశిక్ష దాకా వెళ్లే చట్టం చేసింది పార్లమెంటే కదా.

జవాబు:
నిజమే, ఆ మాటకు నా దగ్గర తేలిక సమాధానం లేదు. సభలు గుడ్డిగా నమ్మదగినవని నేను అనను. అందుకే ఏ సభ్యుడు ఎటు ఓటేశాడో పేరుపేరునా అడగాలంటున్నాను. ఆ ఉగాండా సభలోనే ఫాక్స్ ఒడోయ్ అనే సభ్యుడు బిల్లును ఎదిరించారు. అది చట్టమయ్యాక కోర్టులో సవాలు చేసినవారిలోనూ ఆయన ఉన్నారు. చుట్టూ సభంతా ఒకవైపు ఉన్నప్పుడు లేచి నిలబడ్డారు. చర్చ మొదలుపెట్టినవారు ఆగమంటున్నది అలాంటి వారినే.