హెపటైటిస్ బి టీకా వేయించుకుంటే రక్తం ఇవ్వకూడదా?

గుంటూరబ్బాయి: నిన్న మా ఆఫీసులో రక్తదాన శిబిరం పెట్టారు. ఈమధ్య టీకాలేమైనా వేయించుకున్నారా అని ఫారంలో ఉంటే నిజమే రాశాను. పది రోజుల క్రితం హెపటైటిస్ బి రెండో డోస్ పడింది. అంతే, వెనక్కి పంపేశారు. ఇప్పటికి పదకొండుసార్లు ఇచ్చినవాణ్ని. టీకాతో రక్తం చెడిపోతుందా?

చీరాల సుబ్బు: చెడిపోతుంది. కామెర్లొచ్చాయని మా బావని జన్మలో ఇవ్వొద్దన్నారు.

ల్యాబ్ మనిషి: జబ్బు వేరు, టీకా వేరు. హెపటైటిస్ బి ఉన్నవాళ్ల దగ్గర ఎప్పటికీ తీసుకోం. టీకాలో వైరస్ ఉండదు, ఈస్ట్‌లో తయారుచేసిన దాని పైపొర ప్రొటీన్ ఒక్కటే ఉంటుంది. 1997లో మన హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన శాన్‌వ్యాక్ బి కూడా అలాంటిదే. చిక్కల్లా ఏంటంటే, ప్రతి బ్యాగుకీ చేసే హెచ్‌బిఎస్‌ఏజి పరీక్ష వెతికేది ఆ ప్రొటీన్‌నే. డోస్ పడ్డాక కొన్నాళ్లు అది రక్తంలో కనబడొచ్చు. జబ్బు లేకపోయినా పాజిటివ్ వస్తుంది, బ్యాగు పారేయాలి. అందుకే అమెరికన్ రెడ్ క్రాస్ 21 రోజులు ఆగమంటుంది.

చీరాల సుబ్బు: మా బావ సంగతి చెప్పలేదు.

గుంటూరబ్బాయి: శిబిరంవాళ్లు 14 అన్నారు, మీరు 21 అంటున్నారు. మీలో మీకే ఒక లెక్క లేదు!

ల్యాబ్ మనిషి: ఏ లెక్కన చూసినా మీకు పదే కదండీ.

గుంటూరబ్బాయి: పరీక్ష తప్పు చూపిస్తే అది పరీక్ష లోపం, నాది కాదు. ఈసారి ఆ గడి ఖాళీగా వదిలేస్తా.

తలసీమియా అమ్మ: ఆ మాట వెనక్కి తీసుకోండి. మా బాబుకి ఏడేళ్లు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. చేతిలో నరం దొరక్క పోయినసారి పాదానికి గుచ్చారు. ముక్కూమొహం తెలియనివాళ్లు ఆ ఫారంలో నిజం రాస్తారన్న నమ్మకంతోనే వాణ్ని ఆ మంచం మీద పడుకోబెడుతున్నాను.

గుంటూరబ్బాయి: తప్పే అమ్మా, క్షమించండి. నా బాధ టీకా గురించి కాదు. జ్యూస్ ఇచ్చే బల్ల పక్కనే, మా మేనేజర్ వింటుండగా, "మీకు హెపటైటిస్ ఉందా?" అని గట్టిగా అడిగారు. రోజూ నా సీసాలో నీళ్లు తాగే పక్క సీటాయన ఈరోజు ముట్టుకోలేదు. నిజం రాసినందుకు ఇదా?

ల్యాబ్ మనిషి: నీళ్ల సీసాతో అది అంటుకోదు, ఆయనకి చెప్పండి. కానీ అలా అడగడం మావాళ్ల తప్పే. మూడో మనిషి లేనిచోట అడగాలి. చోటు లేదని బల్ల దగ్గరే కానిచ్చేస్తుంటారు.

తలసీమియా అమ్మ: చోటు లేకపోతే చీర అడ్డం కట్టమనండి. మీరు మాత్రం రాయడం మానకండి బాబూ.

గుంటూరబ్బాయి: రాస్తానమ్మా. 21 రోజులు దాటాక నేరుగా బ్లడ్ బ్యాంకుకే వెళ్లి ఇస్తా. ఆఫీసులో మాత్రం ఇక ఇవ్వను.