పాత ట్రాన్స్‌ఫార్మర్ వెల్డింగ్ మిషన్‌కి డయోడ్లు పెట్టి డీసీ చేసుకోవచ్చా?

అన్నలకు నమస్కారం. మాది గేట్లు, గ్రిల్స్ చేసే చిన్న షాపు. నాన్నగారి కాలం నాటి 200 ఆంప్స్ ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ ఉంది. ఇద్దరు పట్టినా కదలదు గానీ, ఇన్నేళ్లలో ఒక్కసారీ మొరాయించలేదు. 6013 రకం వెల్డింగ్ రాడ్ చక్కగా కాలుతుంది. ఈమధ్య ఒక ట్రాలీ పనికి 7018 రకం రాడ్ వాడాల్సి వచ్చింది. ఆర్క్ నిలబడదు, రాడ్ అతుక్కుపోతోంది. ఏసీలో కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకి వస్తుంది కదా, ఆర్క్ అక్కడే ఆరిపోతోందని నా అనుమానం.

అందుకే అవుట్‌పుట్‌లో నాలుగు డయోడ్లతో బ్రిడ్జి (ఏసీని డీసీగా మార్చే అమరిక) కట్టాలనుకుంటున్నా. మొన్న తెలివితక్కువగా 35 ఆంప్స్ బ్రిడ్జి పెట్టి చూశా. సగం రాడ్ కాలకముందే టప్పుమంది. నవ్వకండి!

నేను పని చేసేది 130 ఆంప్స్ దగ్గర. ఒక్కో డయోడు సగం సైకిలే మోస్తుంది కాబట్టి 150 ఆంప్స్ స్టడ్ డయోడ్లు, హీట్‌సింక్, ఫ్యాన్ సరిపోతాయా? రాడ్ అతుక్కున్నప్పుడు వచ్చే షార్ట్ కరెంటుని తట్టుకుంటాయా? బ్రిడ్జి తర్వాత చోక్ (కరెంటు ఎగుడుదిగుళ్లు తగ్గించే తీగచుట్ట) పెట్టాలంటున్నారు. పాడైన ట్రాన్స్‌ఫార్మర్ కోర్ మీద చుట్టుకోవచ్చా, కోర్ మధ్యలో గ్యాప్ ఎంత వదలాలి?

ఇన్వర్టర్ మిషన్‌లో 230 వోల్టుల ఏసీని ముందే డీసీ చేసి, కెపాసిటర్లలో 325 వోల్టుల దాకా నింపి, సెకనుకు వేల సార్లు ఆన్-ఆఫ్ చేసి చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇస్తారని తెలుసు. నా మిషన్‌కి అంత హంగామా అక్కర్లేదు.

ఇంకో మాట. రాడ్ తగలకుండా మీటర్‌తో చూస్తే 55 వోల్టులే వస్తోంది. 7018కి 70 దాకా కావాలంటారు. అసలు చిక్కు అదే అయితే డయోడ్లు పెట్టీ లాభం లేదా? చేసి చూసినవాళ్లు చెప్పండి. ‘కొత్తది కొనుక్కో’ అని మాత్రం అనకండి.