50 హెర్ట్జ్ పట్టికతో 600 హెర్ట్జ్ కోర్ నష్టం లెక్కించవచ్చా?

ప్రశ్న: నమస్కారం. ఎలక్ట్రిక్ స్కూటర్ కోసం 8 ధ్రువాల శాశ్వత అయస్కాంత మోటారు తయారు చేశాను. 9000 ఆర్‌పీఎం దగ్గర ఫ్రీక్వెన్సీ 600 హెర్ట్జ్. స్టేటర్‌లో (మోటారు తిరగని భాగం) ఎం270-35ఎ రకం స్టాంపింగులు, అంటే అచ్చుతో కోసిన ఉక్కు రేకులు, బరువు 2 కిలోలు. రేకులతోపాటు వచ్చిన 50 హెర్ట్జ్ నష్టాల పట్టిక నుంచి సూత్రానికి కావలసిన గుణకాలు తీసి కంప్యూటర్‌లో లెక్కిస్తే కోర్ నష్టం (ఆ రేకుల్లో వేడిగా పోయే శక్తి) 40 వాట్లు వచ్చింది. వైండింగ్ కొసలు విడిగా వదిలేసి, మరో మోటారుతో తిప్పి కొలిస్తే 90 వాట్లు! బేరింగుల ఘర్షణను అయస్కాంతాలు లేని రోటర్‌తో కొలిచి తీసేశాను. మూడు వారాలుగా మెష్ (కంప్యూటర్ లెక్కకు మోటారును చిన్న ముక్కలుగా విడదీసే వల) మారుస్తున్నా తేడా తగ్గడం లేదు.

జవాబు: మెష్‌ను వదిలేయండి. పొరపాటు గుణకాల దగ్గరే జరిగింది. హిస్టెరిసిస్ నష్టం, అంటే ఉక్కు అయస్కాంతీకరణ దిశ పదే పదే మారడంవల్ల పోయేది, ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది. రేకు లోపల పుట్టే సుడి విద్యుత్ ప్రవాహాల నష్టం మాత్రం ఫ్రీక్వెన్సీ వర్గంతో పెరుగుతుంది. ఈ రెండోదాన్ని పట్టిక అవసరం లేకుండానే లెక్కించవచ్చు: పై (π), రేకు మందం, శిఖర ఫ్లక్స్ సాంద్రత (అయస్కాంత క్షేత్రపు గరిష్ఠ బలం, టెస్లాల్లో), ఫ్రీక్వెన్సీ, ఈ నాలుగింటి వర్గాలను గుణించి, విశిష్ట నిరోధానికి ఆరు రెట్లతో భాగిస్తే ఘనపు మీటరుకు వాట్లు వస్తాయి.

0.35 మి.మీ. రేకుకు, 1 టెస్లా దగ్గర, 50 హెర్ట్జ్‌లో ఇది కిలోకు సుమారు 0.13 వాట్లే. అదే రేకుకు మొత్తం నష్టం ఒక వాటు చుట్టుపక్కల ఉంటుంది. అంత చిన్న వాటాను 50 హెర్ట్జ్ పట్టిక నుంచి ఏ గణితమూ నమ్మకంగా విడదీయలేదు. 600 హెర్ట్జ్‌లో అది 144 రెట్లయి కిలోకు 19 వాట్లకు చేరుతుంది. అదే 1 టెస్లా అనుకుంటే మీ 2 కిలోలకు 38 వాట్లు! మీ మొత్తం లెక్క 40 అని చెప్పారు కదా, హిస్టెరిసిస్‌కు మిగిలింది రెండు వాట్లేనా?

సుడి ప్రవాహాల గుణకాన్ని పై సూత్రంతోనే స్థిరపరచండి. ఈ రెండూ కాక, శాస్త్రవేత్త బెర్టొట్టి 1988లో వివరించిన అదనపు నష్టం ఫ్రీక్వెన్సీ 1.5 ఘాతంతో పెరుగుతుంది. దాన్నీ హిస్టెరిసిస్‌నూ 50, 200, 400, 700 హెర్ట్జ్ కొలతలతో సరిచూడండి. మూడు గుణకాలనూ కంప్యూటర్‌కే వదిలేస్తే ఒక్కోసారి రుణ విలువ ఇస్తుంది, దాన్ని అస్సలు ఒప్పుకోకండి.

మరొకరు: 9000 ఆర్‌పీఎం దగ్గర 90 వాట్లంటే 0.096 న్యూటన్ మీటర్లే. టార్క్ సెన్సర్ సామర్థ్యం ఎంత? 20 న్యూటన్ మీటర్లదైతే ఆ కొలతను నమ్మలేం.

ప్రశ్నించినవారు: 1 న్యూటన్ మీటరుది సర్. 400 హెర్ట్జ్ పట్టిక తెప్పించుకుని, సుడి ప్రవాహాల గుణకాన్ని సూత్రంతో బిగించాను. ఇప్పుడు 74 వాట్లు వస్తోంది. మిగతా 16?

జవాబు: అంతా ఇనుముదే అనుకోవద్దు. తిరిగే అయస్కాంతాల్లోనూ సుడి ప్రవాహాలు పుడతాయి, ఆ నష్టమూ మీ టార్క్‌లోనే కలుస్తుంది. ఇక స్టేటర్ పళ్లు చూడండి. పంచ్ దెబ్బకు రేకు అంచుల్లో ఒత్తిడి మిగిలిపోతుంది, సన్నని పన్నుకు రెండు వైపులా అలాంటి అంచే. అల్యూమినియం బాడీలో బిగుతుగా దిగ్గొట్టినా నష్టం పెరుగుతుంది. తర్వాతి స్టేటర్‌కు వైండింగ్ వేయకముందే, వెనుక వలయం చుట్టూ తాత్కాలికంగా రెండు తీగ చుట్టలు వేసి 600 హెర్ట్జ్ దగ్గర నష్టం కొలవండి. బాడీలోకి దించాక మళ్లీ కొలవండి. ఆ రెండు అంకెలూ ఇక్కడ పెడితే కలిసి చూద్దాం.