ఫోరెన్సిక్ సైకాలజీయా, కౌన్సెలింగా? పీజీలో ఏది తీసుకోవాలి?

పల్లె_పిల్ల:
నమస్తే అందరికీ. మాది కరీంనగర్ దగ్గర పల్లె. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి బీఏ సైకాలజీ మూడో సంవత్సరం చదువుతున్నాను. పీజీలో ఫోరెన్సిక్ సైకాలజీ, అంటే నేరాలు, కోర్టు కేసులకు సంబంధించిన సైకాలజీ, చేయాలని నాకు, కౌన్సెలింగ్ చేస్తే కనీసం ఏ స్కూల్లోనో ఉద్యోగం దొరుకుతుందని మా అక్కకు. నాన్నకైతే నేను పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరగాల్సి వస్తుందని ఒకటే టెన్షన్. అసలు పని ఎలా ఉంటుంది? రెండూ కలిపి చేయొచ్చా? క్రైమ్ సిరీస్‌లు చూసి పుట్టిన ఆసక్తే, ఒప్పుకుంటున్నా, నవ్వకండి.

సబర్మతి_బ్యాచ్:
ఎందుకు నవ్వుతాం, నేనూ ఆ బాపతే. గాంధీనగర్‌లో నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో చదివాను. 2009లో గుజరాత్ రాష్ట్ర యూనివర్సిటీగా మొదలైంది, 2020లో జాతీయ సంస్థ అయింది. అక్కడికి వెళ్లిన మొదటి నెలలోనే నా సీరియల్ కిల్లర్ పిచ్చి దిగిపోయింది. పాలిగ్రాఫ్ మెషిన్ ముందు కూర్చోబెడితే నిజం బయటికొచ్చేస్తుందని అనుకునేదాన్ని. 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు, మనిషి ఒప్పుకోకుండా నార్కో, పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ ఏవీ చేయకూడదని చెప్పింది. ఒప్పుకుని చేయించుకున్నా ఆ ఫలితం సాక్ష్యంగా నిలబడదు. ఇక ల్యాబుల్లో పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో దేవుడికెరుక. చదువు మాత్రం బాగుంటుంది, అందులో అనుమానం లేదు.

మాటల_బల్ల:
చెల్లీ, నేను ఎనిమిదేళ్లుగా పిల్లలతో పనిచేస్తున్న కౌన్సెలర్‌ని. కొంచెం పెద్దగా రాస్తా, ఓపిగ్గా చదువు.

కొత్తలో ఒక పాప నా ముందు కూర్చుని నోరు విప్పడం లేదు. ఎలాగైనా మాట్లాడించాలని "నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పనమ్మా" అనేశాను. పది నిమిషాల తర్వాత ఇంట్లో జరుగుతున్నది చెప్పింది. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం అలాంటిది తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, కౌన్సెలర్‌కి మినహాయింపు లేదు. నేను చెప్పాను. పాప రెండు వారాలు నా మొహం చూడలేదు, అందులో తప్పు నాదే. ఇప్పుడు ఏ పిల్లతోనైనా ముందే చెప్పేస్తాను: "నీకు ఎవరైనా హాని చేస్తున్నారని తెలిస్తే నేను కొందరికి చెప్పాల్సి వస్తుంది, కానీ చెప్పేముందు నీకు చెప్తాను." అలా చెప్తే ఎవరూ మాట్లాడరని భయపడ్డాను కానీ, చాలామంది మాట్లాడతారు.

ఇక రెండూ కలిపి చేయొచ్చా అన్నావు కదా. రెండూ చదువు, కానీ ఒకే మనిషి విషయంలో రెండు పనులూ చేయకు. పదహారు దాటి పద్దెనిమిది నిండని అబ్బాయి హేయమైన నేరం కేసులో వస్తే, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 15వ సెక్షన్ కింద ఆ పని చేసే శక్తి వాడికి ఉందా, పర్యవసానం తెలుసా, ఏ పరిస్థితుల్లో జరిగింది అని జువెనైల్ జస్టిస్ బోర్డు ప్రాథమికంగా అంచనా వేస్తుంది. దానికి సైకాలజిస్ట్ సాయం తీసుకోవచ్చు. అక్కడ నువ్వు వాడి మాట ఒక్కటే వింటే చాలదు, బడిలో ఏమన్నారు, ఇంట్లో ఏమన్నారు, కాగితాల్లో ఏముంది అన్నీ సరిచూసుకోవాలి. రాసింది బోర్డు చేతికి వెళ్తుంది. కౌన్సెలింగ్‌లో అయితే వాడి పక్కన కూర్చుంటావు. నిన్న నీ దగ్గర ఏడ్చి చెప్పుకున్నది ఇవాళ రిపోర్టులో కనిపిస్తే వాడు ఇంకెప్పుడైనా ఎవరినైనా నమ్ముతాడా?

పల్లె_పిల్ల:
అక్కా, ఈ తేడా మాకు క్లాసులో ఎవరూ చెప్పలేదు. మరి ముందు ఏది చదవమంటారు?

లైసెన్సు_లంబు:
మధ్యలో దూరుతున్నా. క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్, అదే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇన్నాళ్లూ రెండేళ్ల ఎంఫిల్ చేసేవాళ్లు. 2022లో యూజీసీ ఎంఫిల్ ఎత్తేసింది, తర్వాత క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లకు మాత్రం 2025-26 దాకా గడువిచ్చింది. కాబట్టి సీనియర్లు చెప్పే పాత దారి పట్టుకుని కూర్చోవద్దు, ఫీజు కట్టేముందు ఆ కోర్సు ఆర్‌సీఐ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. నేను చూసుకోకుండా ఒక ఆన్‌లైన్ డిప్లొమాకి 60 వేలు పోశాను. సర్టిఫికెట్ మాత్రం లామినేషన్‌తో సహా వచ్చింది.

మాటల_బల్ల:
నన్నడిగితే ముందు కౌన్సెలింగో, క్లినికలో గట్టిగా చదువు. ఎదురుగా ఉన్న మనిషి మాట వినడం రాకపోతే ఫోరెన్సిక్ రిపోర్టు కూడా రాయలేవు. ఈ వేసవిలో ఫ్యామిలీ కోర్టు దగ్గరో, పిల్లల హోమ్‌లోనో అనుమతి తీసుకుని నెల రోజులు చూసిరా. నాన్నగారి టెన్షన్‌కి ఒక్కటే మందు, ఒకరోజు నీతో తీసుకెళ్లు.

పల్లె_పిల్ల:
నాన్నని కోర్టుకి తీసుకెళ్లడమా అక్కా! పొలం గట్టు గొడవకి తిరిగి తిరిగి ఆ మెట్లెక్కనని ఒట్టేసుకున్నాడు. పిల్లల హోమ్ అయితే అడిగి చూస్తా.